పైకోర్టు తీర్పును చదువుకొను తెరగు

2021వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానములకు ఓట్లు వేసిన జనులు, తాము ఎవరిని గెలిపించితిమో తెలిసికొనుటకు ఆ ఏడు సెప్టెంబరు 19వ తేదీ వరకు, అనగా ఐదు నెలలకు పైగా, వేచియుండవలసి వచ్చెను. ఎన్నికల నియమావళి పోలింగునకు నాలుగు వారములు ముందుగా అమలులోనికి రావలెనన్న సుప్రీంకోర్టు ఉత్తర్వు పాటింపబడలేదన్న వివాదముపై ఏప్రిల్ 6న హైకోర్టు సింగిల్ జడ్జి ఎన్నికలను నిలిపివేసిరి. మరునాడే డివిజన్ బెంచి పోలింగు జరుపుకొనవచ్చుననియు, లెక్కింపు మాత్రము ఆపవలెననియు చెప్పెను. మే 21న మరియొక సింగిల్ జడ్జి ఆ ఎన్నికలనే రద్దు చేసిరి. సెప్టెంబరు 16న డివిజన్ బెంచి ఆ తీర్పును కొట్టివేసి లెక్కింపునకు అనుమతి నిచ్చెను. ఈ కాలమంతయు బ్యాలట్ పెట్టెలు సీలు వేసిన గదులలో కావలివారి నడుమ పడియుండెను.

ఒకే వివాదమున, ఒకే హైకోర్టునుండి, ఆరు నెలలలోపల నాలుగు ఉత్తర్వులు వెలువడినవి. వీనిలో మే 22వ తేదీ పత్రికను మాత్రమే చదివి ఊరుకొన్నవాడు ఎన్నికలు చెల్లవని నమ్మి, పోటీచేసిన తన తమ్మునికి రెండవమారు ఖర్చు సమకూర్చుటకు అప్పు తెచ్చియుండిన, ఆ అప్పునకు కారణము న్యాయస్థానము కాదు. మెట్లదారిలో ఒక మెట్టును చూచి దానినే మేడ యనుకొన్న తొందరపాటు. హైకోర్టు తీర్పు వచ్చినదన్నది సగము వార్త మాత్రమే. ఆ తీర్పు ఏ ప్రశ్నకు సమాధానముగా వచ్చినది, ఎవరిని బంధించును, దానిపై మరల అప్పీలు పడినదా అను మూడు సంగతులు తెలిసినప్పుడే ఆ వార్త మన జీవితములో ఒక నిర్ణయమునకు ఆధారము కాదగును. ఈ అధ్యాయమున నేను చెప్పబూనినది అంతయు ఈ ఒక్క విషయమే.

మన ప్రాంతమునకు ఈ జాగ్రత్త మరింత అవసరమగుటకు ఒక చారిత్రక కారణము కలదు. మన వ్యాజ్యములకు పైకోర్టు ఏనాడును దగ్గర లేదు. 1954 వరకు ఉత్తరాంధ్ర రైతు అప్పీలు కొరకు మద్రాసు హైకోర్టునకు పోవలసియుండెను. ఆ ఏడు జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడి, కోకా సుబ్బారావుగారు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి కాగా, రెండేండ్లు తిరిగి 1956 నవంబరులో ఆ న్యాయస్థానము హైదరాబాదునకు తరలిపోయెను. 2019 జనవరి 1 నుండి అమరావతిలో నెలకొన్నది. ఇచ్ఛాపురమునుండి బయలుదేరినవానికి ఈ నాలుగు స్థలములును ఒక రాత్రి ప్రయాణమునకు తక్కువ కానివే. కోర్టు దూరమైనకొలది తీర్పు మనకు పుకారు రూపమున చేరును. సోంపేటలోనో బొబ్బిలిలోనో ప్లీడరుగారి ఆఫీసు బల్లమీద కూర్చుండి, "మన్లాంటి కేసే హైకోర్టులో గెలిసిందట గదా బాబూ, మనకీ అలాగే వస్తాది గదా" అని అడుగు రైతు అమాయకుడు కాడు. అతనికి చేరిన సమాచారము అంతవరకే. మంచి ప్లీడరు వెంటనే ఔననడు, కాదనడు. "ఏ కేసు నాయనా, అందులో తగువు దేని గురించి, దానిమీద మళ్ళీ అప్పీలు పడిందా" అని అడుగును. ఆ ప్రశ్నలను కక్షిదారు తానే వేసికొనుట నేర్చినచో సగము దుఃఖము తగ్గును.

మూడు ప్రశ్నలలో మొదటిది, తీర్పు దేనికి సమాధానమన్నది, ఎంత ముఖ్యమో తెలుపుటకు జీవో 3 చరిత్రను మించిన ఉదాహరణము మన ఏజెన్సీలో లేదు. 2000వ సంవత్సరము జనవరి 10న వెలువడిన ఆ ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలోని పాఠశాలల ఉపాధ్యాయ పదవులన్నియు, నూటికి నూరు పాళ్ళు, స్థానిక గిరిజనులకే చెందవలెను. దానిని పరిపాలనా ట్రిబ్యునలు కొట్టివేసినది. హైకోర్టు విస్తృత ధర్మాసనము 2001లో మెజారిటీ అభిప్రాయముతో నిలబెట్టినది. తుదకు 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో, ఆ జీవో రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించినది. ఈ వార్త సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండలకు చేరినప్పుడు, అప్పటికే ఇరువదేండ్లుగా బడులలో పాఠము చెప్పుచున్న గిరిజనోపాధ్యాయుల యిండ్లలో కలిగిన ఆందోళన ఎంతటిదో ఊహింపవచ్చును. జీవో పోయినచో దాని క్రింద వచ్చిన ఉద్యోగము కూడ పోవునా అన్న భయము సహజమే.

కాని ఆ తీర్పును కడవరకు చదివినవారికి ఆ భయమునకు తావు లేదు. అంతవరకు జరిగిన నియామకములను కదల్పరాదనియు, ఇకముందు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు ఇట్టి రిజర్వేషను మరల చేయరాదన్న షరతుపై మాత్రమే ఆ రక్షణ కల్పించుచున్నామనియు ధర్మాసనము స్పష్టముగా చెప్పినది. పత్రికల శీర్షికలు జీవో చెల్లదన్నంతవరకే చెప్పినవి. ఒక ఉపాధ్యాయుని జీవనోపాధికి సంబంధించిన మాట తీర్పు చివర ఉండెను. ఏ తీర్పునైనను చేతబట్టినప్పుడు మొదట కేసు పేరును, పిమ్మట చివరి పేరాలను, అనగా కోర్టు నిజముగా ఏమి ఆజ్ఞాపించినదో ఆ భాగమును, చదివి, ఆ తరువాతనే నడిమి వాదములలోనికి పోవుట మంచి పద్ధతి. న్యాయవాదులు నిత్యము అనుసరించు పద్ధతియు ఇదియే.

ఇచ్చట నా అభిప్రాయమును దాచుకొనను. సవర బాలునకు సవర భాష తెలిసిన గురువు కావలెనన్న కోరిక న్యాయమైనదని నేను నమ్ముదును. జీవో 3ను పునరుద్ధరింపవలెనని ఏజెన్సీలో జరిగిన ఆందోళనల వెనుకనున్న బాధ నిజమైనదే. అయినను ఆ తీర్పు గిరిజన గురువు అక్కరలేదని పలుకలేదు. నూటికి నూరు పాళ్ళ రిజర్వేషను చెల్లునా, అయిదవ షెడ్యూలు క్రింద గవర్నరునకు గల అధికారము ప్రాథమిక హక్కులను దాటిపోగలదా, 1950 జనవరి 26 నుండి ఆ ప్రాంతమున నివసించుచున్నవారే స్థానికులన్న షరతు సమంజసమా అన్న ప్రశ్నలకు కాదని చెప్పినది. అడుగని ప్రశ్నకు సమాధానము తీర్పులో ఉండదు. కనుక, పరిమితికి లోబడిన కోటా, భాషాజ్ఞానమును అర్హతగా పాటించు నియామకము మొదలగు మార్గములను ఆ తీర్పు మూసివేసినదని నిరాశ చెందువారు దానిలో లేనిదానిని చదువుచున్నారు.

హైకోర్టులో ఓడినంతమాత్రమున కథ ముగియదనుటకు సమత కేసు మన పొరుగుననే జరిగినది. విజయనగరము జిల్లా శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కినచో వచ్చు అనంతగిరి మండలమున, బొర్రా ప్రాంతపు గ్రామములలో, ప్రభుత్వము ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులను ప్రశ్నించుచు సమత యను సంస్థ వేసిన వ్యాజ్యమును హైకోర్టు కొట్టివేసినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరొకవైపు, ఒకరొకవైపుగా తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంత భూమిని గిరిజనేతరునకు బదిలీ చేయరాదన్న 1959నాటి, 1970లో సవరింపబడిన నిబంధనలోని నిషేధము ప్రభుత్వమునకు కూడ వర్తించునని నిర్ణయించినది. భూమి ప్రభుత్వముదైనను ప్రైవేటు కంపెనీకి లీజు చెల్లదన్నమాట. న్యాయమూర్తి పట్నాయక్ గారి భిన్నాభిప్రాయము ఆ తీర్పులోనే కలదు. చదువుటకు విలువైనది, కాని బంధించునది కాదు. ఎవరైన మీకు ఒక తీర్పులోని వాక్యమును చూపి ఇదిగో అన్నప్పుడు, అది మెజారిటీ వారిదా, భిన్నాభిప్రాయమా, లేక ఒక పక్షము వాదనను న్యాయమూర్తి తిరిగి చెప్పిన భాగమా అని అడిగి తెలిసికొనుడు. తీర్పులో మొదటి భాగమంతయు ఉభయపక్షముల వాదనలను ఎత్తి చెప్పుటయే యుండును. దానినే కోర్టు మాటగా నమ్మి మోసపోయినవారు ఎందరో.

విజయనగరమున మాన్సాస్ వివాదము అందరెరిగినదే. పి.వి.జి. రాజుగారు తమ తండ్రి అలక నారాయణ గజపతి పేర 1958లో స్థాపించిన ఆ ట్రస్టు అధ్యక్షపదవినుండి అశోక్ గజపతిరాజుగారిని తప్పించి సంచయిత గజపతిరాజుగారిని నియమించుచు 2020 మార్చిలో వెలువడిన ప్రభుత్వోత్తర్వులను హైకోర్టు సింగిల్ జడ్జి 2021 జూన్ 14న కొట్టివేసిరి. ఆగస్టులో డివిజన్ బెంచి అప్పీళ్ళను తిరస్కరించినది. ఊరిలో ఈ తీర్పును రాజకీయ పక్షముల జయాపజయములుగా మాట్లాడుకొనిరి. ఒక గృహస్థుడు దీనినుండి గ్రహింపవలసినది వేరొకటి కలదు. ఇట్టి తగవులో ఎవరు సమర్థులన్న చర్చకన్న స్థాపకుడు వ్రాసిన దస్తావేజు ఏమి చెప్పుచున్నదన్నదే ప్రధానమగును. గ్రామములో గుడికో, సత్రమునకో, కులపు చెరువునకో భూమి వ్రాసియిచ్చు పెద్దలు, తమ తరువాత ఎవరు చూచుకొనవలెనన్న వాక్యమును అలవోకగా వ్రాయింతురు. ఆ ఒక్క వాక్యమే అరువదేండ్ల తరువాత హైకోర్టులో చదువబడునని తెలిసి వ్రాయించుట మేలు.

ఇక మన యింటిలోనికి వచ్చెదము. ఆడపిల్లల వాటా విషయమై ఈ జిల్లాలలో నడచుచున్న తగవులు లెక్కకు మిక్కిలి. పసుపుకుంకుమల క్రింద ఎకరమో అరయెకరమో ఇచ్చితిమి గదా, పెండ్లికి బంగారము పెట్టితిమి గదా, ఇంక వాటా యేమిటని అన్నదమ్ములనుట, ఊరిపెద్దలు తలలూపుట మనము చూచుచున్నదే. 2020 ఆగస్టు 11న వినీతాశర్మ కేసులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనము, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతోనే కుమారునితో సమానమైన హక్కు కలదనియు, 2005 సెప్టెంబరు 9న సవరణ చట్టము అమలులోనికి వచ్చు నాటికి తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదనియు తేల్చినది. ఆంధ్రప్రదేశములో మాత్రము ఈ హక్కు అంతకుముందే, 1985 సెప్టెంబరు 5 నుండి, ఆనాటికి అవివాహితలైన కుమార్తెలకు రాష్ట్ర సవరణ చట్టము వలన సంక్రమించియుండెను. 2005 సవరణ పెండ్లియైనవారు, కానివారు అను ఆ భేదమును తొలగించినది. పెండ్లికి పెట్టిన సొమ్ము తనంత తానుగా ఈ హక్కును హరింపజాలదు.

ఐనను ఈ తీర్పును పట్టుకొని నేరుగా కోర్టునకు పరుగెత్తు ఆడపడుచును ఒక్క క్షణము ఆపి, మూడు సంగతులు చెప్పవలసియున్నది. భూమి పిత్రార్జితమా, తండ్రి స్వార్జితమా మొదట తేల్చుకొనవలెను. స్వార్జితమును తండ్రి వీలునామాతో తనకిష్టమైనవారికి ఇచ్చియుండినచో ఈ తీర్పు అక్కరకు రాదు. 2004 డిసెంబరు 20కి పూర్వమే రిజిస్టరు పత్రముతోగాని కోర్టు డిక్రీతోగాని పంపకము జరిగియున్నచో దానిని ఈ హక్కు కదల్పజాలదు. కాని కేవలము నోటిమాటగా ఎప్పుడో పంచుకొంటిమన్న వాదమును, ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారము లేనిదే, కోర్టు సులభముగా ఒప్పుకొనదు. మూడవది, అన్నకు నా వాటా వదలుకొంటినని తెల్లకాగితముమీద వ్రాసిన సంతకము స్థిరాస్తి హక్కును బదిలీ చేయజాలదు. అట్టి హక్కువిడుదల పత్రము రిజిస్టరు కావలెను. ఈ చివరిది అన్నదమ్ములు కూడ గుర్తుంచుకొనవలసినదే. చెల్లెలు ప్రేమతో వదలుకొన్నను రిజిస్టరు చేయింపనిచో, ఆమె బిడ్డలకాలమున అది తగవుగా మారును.

ఇంతకన్న సూక్ష్మమైన సంగతి యొకటి కలదు. ఈ తీర్పు పాలకొండలోని ఒక యింటికి వర్తించి, అచ్చటికి కొలదిదూరముననున్న కొండ మీది సవర లేక జాతాపు కుటుంబమునకు వర్తింపకపోవచ్చును. హిందూ వారసత్వ చట్టము, కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా నోటిఫై చేసిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదని ఆ చట్టమే రెండవ సెక్షనులో చెప్పుచున్నది. 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో సుప్రీంకోర్టు ఒక గిరిజన కుమార్తెకు ఈ చట్టము క్రింద వాటా నిరాకరించుచునే, ఇతర కుమార్తెలకు గల హక్కు గిరిజన కుమార్తెకు మాత్రము లేకుండుట గూర్చి కేంద్రప్రభుత్వము ఆలోచింపవలెనని కోరినది. న్యాయస్థానము స్వయముగా బాధపడి చెప్పిన ఆ మాట అచ్చటనే నిలిచిపోరాదని నా దృఢమైన కోరిక.

భూముల మాట వచ్చినది గనుక 22-ఎ జాబితా గూర్చి ఒక మాట. రిజిస్ట్రేషను చట్టములోని ఆ సెక్షను క్రింద నిషిద్ధ ఆస్తుల పట్టికలో తన సర్వే నంబరు కనబడి, తాతలనాటి భూమి అమ్ముకొనలేక తిరుగుచున్నవారు మన మండలములలో కోకొల్లలు. 2015 డిసెంబరు 23న వింజమూరి రాజగోపాలాచారి కేసులో ఉమ్మడి హైకోర్టు ఫుల్‌బెంచి ఈ సెక్షనులోని వివిధ ఖండములను విడదీసి, ఏ తరగతి భూములకు ఏ పద్ధతి పాటింపవలెనో వివరించినది. అందుచేత సబ్‌రిజిస్ట్రారు కాదన్నప్పుడు మీ భూమి ఏ ఖండము క్రింద ఆ జాబితాలోనికి ఎక్కినదో అడుగుడు. తిరస్కారమును కారణసహితముగా వ్రాతమూలకముగా పుచ్చుకొనుడు. నోటిమాటపై అప్పీలు లేదు. వ్రాతపై ముప్పది దినములలో జిల్లా రిజిస్ట్రారునకు అప్పీలు కలదు.

రహదారి ప్రమాదముల విషయమున పైకోర్టు తీర్పులు సామాన్యునకు చేయు మేలు అంకెలలో చూపవచ్చును. ఇచ్ఛాపురమునుండి భోగాపురము వరకు మన రెండు జిల్లాలను చీల్చుకొని పోవు జాతీయ రహదారి 16 మీద ప్రాణములు కోల్పోవువారి కుటుంబములు ట్రిబ్యునలు ఇచ్చిన మొత్తమును దైవమిచ్చినదిగా భావించి ఊరుకొందురు. 2009నాటి సరళావర్మ తీర్పును, 2017 అక్టోబరు 31నాటి ప్రణయ్ సేథి తీర్పును ఎదుట పెట్టుకొని లెక్క వేయుదము. నెలకు 12,000 రూపాయలు సంపాదించు 32 ఏండ్ల తాపీమేస్త్రి మరణించెననుకొనుడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిపై ఆధారపడియుండిరి. నలుబదేండ్లలోపు వాడగుటచే భవిష్యత్తులో పెరుగగల ఆదాయమునకై నూటికి 40 వంతున కలిపినచో నెలకు 16,800, ఏటికి 2,01,600, ఆధారితులు నలుగురు గనుక అతని సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయగా 1,51,200, ఆ వయస్సునకు నిర్ణీతమైన గుణకము 16 తో హెచ్చింపగా 24,19,200 రూపాయలు. అంత్యక్రియలు, ఎస్టేటు నష్టము, దాంపత్యసౌఖ్య నష్టము క్రింద వచ్చునవి దీనికి అదనము. ట్రిబ్యునలు ఆ 40 వంతును కలుపుట మరచినచో లెక్క 17,28,000 దగ్గర ఆగును. దాదాపు ఏడు లక్షల తేడా! ఒక వితంతువు తన బిడ్డలను చదివించుకొనగల సొమ్ము అది. తీర్పు ప్రతిని తెచ్చుకొని, వయస్సు, ఆదాయము, ఆధారితులు, గుణకము అను నాలుగు అంకెలను ఇట్లు సరిచూచుకొనుటకు న్యాయశాస్త్రము చదువనక్కరలేదు. కూడికలు, గుణకారములు వచ్చిన హైస్కూలు పిల్లవాడు చేయగలడు. తేడా కనబడినచో 90 దినములలోపల హైకోర్టులో అప్పీలు వేసికొనవచ్చును.

మన ప్రాంతమునుండి చెన్నపట్టణమునకు, హైదరాబాదునకు, బెంగుళూరునకు కూలికి వలసపోవువారి కుటుంబములు మరియొకటి తెలిసికొనవలెను. ప్రమాదము ఎచ్చట జరిగినను, పరిహారము కోరువారు తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే దరఖాస్తు వేయవచ్చును. శవము ఇంటికి వచ్చిన పిమ్మట ఆ తెలియని నగరమునకు మరల మరల తిరుగవలసిన పని లేదు. కాని 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ఆరు నెలల గడువును విధించినది గనుక, పెద్దకర్మ ముగిసిన వెంటనే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు తెప్పించుకొను ప్రయత్నము ఆరంభింపవలెను.

గడువు మాట యెత్తితిని గదా. నేను ఎరిగినంతలో న్యాయముండియు ఓడినవారిలో అధికులు గడువు మీరుట చేతనే ఓడిరి. సివిలు డిక్రీపై జిల్లాకోర్టులో అప్పీలునకు 30 దినములు, హైకోర్టులో 90 దినములు. సింగిల్ జడ్జి రిట్ తీర్పుపై డివిజన్ బెంచికి 30 దినములు. తీర్పు నకలు సంపాదించుటకు పట్టిన కాలము ఇందులోనుండి మినహాయింపబడును. ఆ మినహాయింపు ఎట్లు లెక్కింతురో మీ చేతికి వచ్చిన నకలు మీది ముద్రను చూచిన తెలియును: దరఖాస్తు ఎప్పుడు పడినది, రుసుము ఎప్పుడు కట్టమనిరి, ఎప్పుడు కట్టిరి, ఎప్పుడు సిద్ధమైనది, ఎప్పుడు పుచ్చుకొనిరి అన్న తేదీలు వరుసగా ఉండును. కోర్టు చేసిన ఆలస్యము మీకు మన్నింపు. రుసుము కట్టుటలోను, సిద్ధమైన నకలు తీసికొనుటలోను మీరు చేసిన ఆలస్యము మీ నెత్తిననే పడును. తీర్పు చెప్పిన నాడే, కోర్టు ఆవరణ దాటకముందే, కాపీ అప్లికేషను పెట్టించుడు. గుమాస్తా పెట్టినాడని నమ్మక, దాని నంబరు అడిగి వ్రాసికొనుడు.

అప్పీలు వేసినంతమాత్రమున డిక్రీ అమలు ఆగిపోదన్నది కూడ చాలమందికి తెలియదు. స్టే వేరుగా అడుగవలెను, వేరుగా పొందవలెను. అప్పీలు నంబరు పడినదన్న ధైర్యముతో ఇంటనుండగా అమీను వచ్చి తలుపు తట్టిన సందర్భములు కలవు. అట్లే, పైకోర్టులో క్రొత్త కాగితము చూపవచ్చునన్న ఆశపై క్రింది కోర్టులో అశ్రద్ధ చేయువారు గ్రహింపవలసినది, మొదటి అప్పీలులోనైనను అదనపు సాక్ష్యమునకు అనుమతి అరుదనియు, రెండవ అప్పీలులో హైకోర్టు గంభీరమైన న్యాయప్రశ్ననే గాని గట్టు ఎచ్చట నుండెనన్న సంగతిని మరల విచారింపదనియు. గట్టు తగవు గెలుపోటములు మున్సిఫు కోర్టులో, మీ సాక్షి బోనెక్కిన దినమున నిర్ణయమగును. ఇక లోక్ అదాలతులో రాజీపడి సంతకము చేసినచో ఆ అవార్డుపై అప్పీలే లేదు. రాజీ మంచిదే, కట్టిన కోర్టుఫీజు కూడ తిరిగివచ్చును. కాని షరతులను ఇంటివద్ద ఒకమారు చదివించుకొని సంతకము చేయుట ఉచితము.

ఇదంతయు ధనవంతులకు గాని మనకెక్కడిదని అనుకొనువారు 1987నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టములోని పండ్రెండవ సెక్షనును వినవలెను. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు, తుపాను వంటి విపత్తులలో నష్టపోయినవారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాదిని ఏర్పరుపవలెనని ఆ చట్టము శాసించుచున్నది. శ్రీకాకుళము, విజయనగరములలోని జిల్లాకోర్టు ఆవరణలలో ఆ సంస్థల కార్యాలయములు కలవు. 15100 అను నంబరునకు ఫోను చేసినను మాట్లాడుదురు. అప్పీలునకు కూడ ఈ సహాయము లభించును. అంపోలు జైలులో శిక్ష అనుభవించుచున్నవాడు సైతము తన అప్పీలును జైలు అధికారి చేతికి ఇచ్చిన చాలును. దానిని తగిన కోర్టునకు పంపుట ఆ అధికారి విధి. అతని బంధువులు చేయవలసినది, తీర్పు నకలు అతనికి అందినదో లేదో ములాఖతులో అడిగి తెలిసికొనుట. హైకోర్టునకైన అరువది దినములు, జిల్లా సెషన్సు కోర్టునకైన ముప్పది దినములు దాటకముందే ఆ కాగితము జైలునుండి బయలుదేరునట్లు చూచుట. శిక్షను తాత్కాలికముగా నిలుపుమన్న పిటిషను కూడ దానితోపాటు పోయినదా అని న్యాయసేవాధికార సంస్థ నియమించిన వకీలును కలిసి విచారించుట.